నోట్లకట్ట రాయబారి

రాయబార కార్యాలయం గేటు బయట జనం కిక్కిరిసిపోయారు.

తిరుగుబాటు సైన్యం ఊళ్ళోకి దిగింది. పాత ప్రభుత్వంలో పనిచేసిన వాళ్ళ ఇళ్ళన్నీ గాలిస్తోంది. గేటు పట్టుకుని వేలాడుతున్న టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అందరూ అలాంటి వాళ్ళే.

"వీళ్ళు మన పౌరులు కారు సర్. గేటు తీయడానికి రూల్స్ ఒప్పుకోవు," అంది కార్యదర్శి.

"అయితే రూల్స్‌ని కాసేపు బయట నిలబెట్టు. వీళ్ళని లోపలికి రానీ," అన్నాడు రాయబారి.

ఆమెకు ఒళ్ళు మండింది. పరీక్షలు రాసి, దేశాలు తిరిగి, జుట్టు నెరిసేదాకా పనిచేసిందామె. కుర్చీ మాత్రం ఈయనకు దక్కింది. కారణం, ఎన్నికల్లో తమ దేశాధ్యక్షుడి వెనక నిలబడి డబ్బు కుమ్మరించడం. ఆఫీసులో అందరూ చాటుగా 'నోట్లకట్ట' అంటారు. ఆ పేరు పెట్టింది ఆమే.

గేటు తెరిచిన కాసేపటికే అధ్యక్షుడి ఫోన్ వచ్చింది.

"వాళ్ళని బయటికి పంపెయ్. రేపు ఆ సైన్యంతోనే మనం చేతులు కలపాలి."

"పంపను."

"నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను."

"నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నేను. ఇద్దరం దిగిపోదామంటే చెప్పు, నేను రెడీ."



"ఇక నీకేమైనా అయితే నన్నడక్కు."

"అడగను," అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే ఒంటరిగా తిరుగుబాటు సైన్యాధిపతి దగ్గరికి వెళ్ళాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. వెనకే బస్సులు వచ్చాయి.

"సరిహద్దు దాకా మిమ్మల్నెవరూ ఆపరు. అందర్నీ ఎక్కించి, నువ్వు ఆఖరి బస్సులో వెళ్ళమ్మా."

"మరి మీరు?"

"నాకిక్కడ పనుంది."

ఆ పనేమిటో ఆమెకు తెలుసు. ఊరవతల కొండల్లో రాగి గనులన్నీ ఆయనవే.

"ఇంత జరుగుతున్నా గనులు వదల్లేరన్నమాట."

ఆయన నవ్వాడు. "వ్యాపారస్తుణ్ణి కదా. ఎక్కు, ఎక్కు."

ఆమె వెళ్ళొస్తానని కూడా అనలేదు.

దారిలో ఎవరూ ఆపలేదు. ఎవరూ కాగితాలు అడగలేదు. సరిహద్దు దగ్గర ఒక్కో బస్సూ దాటింది. ఆఖరి బస్సు కదలబోతుంటే ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, కాపలా ఉన్న తిరుగుబాటు సైనికుణ్ణి పిలిచింది.

"మా రాయబారిగారికి కబురు చెప్పించండి. అడ్డు తొలగిపోయాం, ఇక తీరిగ్గా గనులు చూసుకోమని."

సైనికుడు ఆమెను వింతగా చూశాడు.

"గనులెక్కడివమ్మా? పొద్దున్నే మాకు రాసిచ్చేశాడు. అవి చాలవన్నాం, మీ అందరికీ బదులు తననే ఉంచుకోమన్నాడు."