పది రోజుల ఎండ

"బాబూ, వల మీద సెయ్యెయ్యకండి. మీకు దండం పెడతాను!"

జోగయ్య అడ్డుపడేలోగానే కాపలావాడు వలని లాగి రిజర్వాయర్ గట్టు మీద పరిచేశాడు. మంచినీళ్ళ ఇంజనీరు మురళీమోహన్ ఆ మట్టిలోనే మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం పెట్టి ముడి ముడీ వెతకడం మొదలెట్టాడు. వెనకాల షామియానా, మైకు, బంతిపూల దండలు. పదిన్నరకి కొత్త రిజర్వాయర్ ప్రారంభం. ఇస్త్రీ చొక్కా నలిగిపోతోందన్న ధ్యాస కూడా లేదు ఆయనకి. పనిలో అంత నిక్కచ్చి మనిషి.

"ఈ వల ఆఖరిసారి ఎక్కడ వేశావు?"

"గెడ్డలోనే బాబూ, మనూరి ఏట్లో. అబద్ధం ఎందుకు సెప్తాను?"

"ఎన్ని రోజులు ఎండబెట్టావు?"

"ఏడు. అప్పడంలాగ ఎండిపోనాది. మీరే సూడండి."

"రూలు పది రోజులు. అంత పెద్ద బోర్డు పెట్టాం, కనబడలేదా?"

కనబడకేం! గట్టు ఎక్కగానే మొహం మీదే ఉంది. 'గెడ్డలో తడిసినది ఏదైనా సరే, పది రోజులు ఎండనిదే ఈ నీటిలో దించరాదు. ప్రభుత్వ ఉత్తర్వు.'

"పది రోజులు కూకుంటే ఇంట్లో ఏటి తింటాం బాబూ? ఇక్కడ ఒదిలిన సేపలు పట్టడానికి సొసైటీవోలు నాకిచ్చిన వంతు ఇయాల్టినుంచే. నేను దిగకపోతే ఇంకోడికి ఇచ్చేస్తారు."

అప్పటిదాకా బుట్ట పట్టుకుని నిలబడ్డ అతని పెళ్ళాం దాలమ్మ ముందుకొచ్చింది. "ఆ వల నానే అల్లినాను బాబూ. మూడు నెల్లు పట్టినాది. సేతి ఏళ్ళు పుండ్లయిపోనాయి. ఒగ్గియ్యండి."

మురళీమోహన్ ఒక ముడిలోంచి గోటితో ఏదో పెకలించి అరచేతిలో పెట్టి చూపించాడు. ఆవగింజంత నల్లటి ఆల్చిప్ప గుల్ల.

"మరి ఇదేమిటి?"

"అది సచ్చిపోయినాది కదా బాబూ!"

"ఇది చచ్చింది. పక్కనున్నది చచ్చిందని నువ్వు రాసిస్తావా?"

పూజారి చంద్రశేఖరం గారు అటుగా వచ్చారు. మడిగా తడిపంచెతో ఉన్నారు. అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. భుజాన ఇత్తడి బిందె, దాని మీద మామిడాకులు. మురళీమోహన్ చటుక్కున లేచి, మడి మైలపడకుండా పక్కకి జరిగి దారిచ్చాడు.

"ముహూర్తం దగ్గర పడుతోంది బాబూ. బిందె మీ చేతుల మీదుగానే."

"రెండు నిమిషాలు పంతులుగారూ."

మళ్ళీ జోగయ్య వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు.

"జోగయ్యా, నీ మీద నాకేమైనా పగా? ఈ గుల్ల మన దేశంది కాదు. నిరుడు గెడ్డ పైపులన్నీ ఇవే కదా పూడ్చేసింది? వేసవంతా నలభై ఊళ్ళు బిందెలు పట్టుకుని రోడ్డెక్కాయి. ట్యాంకరు దగ్గర కొట్లాటలో పగిలింది నీ కోడలి తలే కదా?"

జోగయ్య తల దించుకున్నాడు. నిజమే కదా.

"వీటి పిల్లలు కంటికి కనపడవు. పుడిసెడు నీళ్ళలో వందలుంటాయి. ఒక్కసారి దిగాయంటే దేవుడొచ్చినా ఏరలేడు. కొండ ఊటల నీళ్ళు మళ్ళించి ఎంతో కష్టపడి కట్టాం దీన్ని. ఇదీ పోతే మనకి ఇంకో నీళ్ళు లేవు."

కాపలావాడికి సైగ చేశాడు. వాడు వల మీద కిరసనాయిలు పోసి అగ్గిపుల్ల గీశాడు.

నైలాను వల, ఎంతసేపు కాలుతుంది? మూడు నెలల అల్లిక చూస్తుండగానే నల్లటి ముద్దయి గట్టు మీద కూర్చుంది. "నీ రూలు మండిపోను! నా నోటికాడ కూడు కాల్సీసినావు కదరా!" అంటూ దాలమ్మ గుండెలు బాదుకుంది. జోగయ్య మాత్రం కాపలావాడు కాయితం మీద చూపించిన చోట వేలిముద్ర వేసి, ఆ సిరా మరకని లుంగీకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. మురళీమోహన్ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకుందురు, అదే వచ్చిన చిక్కు.

ఆయన సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. బూట్లు విప్పి, వాటి అడుగులకి బ్లీచింగ్ నీళ్ళు కొట్టించి, వట్టికాళ్ళతో మెట్లు దిగాడు. సన్నాయి మొదలైంది. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. పూజారిగారు మంత్రం చదువుతూ బిందె అందించారు. మురళీమోహన్ దాన్ని కళ్ళకద్దుకుని, బోర్లించి, ఆఖరి చుక్కదాకా రిజర్వాయర్‌లో పోశాడు. జనం చప్పట్లు కొట్టారు. నలభై ఊళ్ళ దాహం ఇక తీరినట్టే అనుకున్నాడు. జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడ్డ జోగయ్య వైపు చూశాడు. ఏదో ఒక రోజు వీడికీ అర్థమవుతుందిలే అనిపించింది.

పూజారిగారు చెంబులోంచి అరచేతిలో తీర్థం పోశారు. మురళీమోహన్ కళ్ళు మూసుకుని పుచ్చుకున్నాడు.

"ఎంత చల్లగా ఉన్నాయండీ! బిందెలోవేనా? ఎక్కడి నీళ్ళు?"

"ఇంకెక్కడివి బాబూ, కొత్త నీళ్ళలో పాత నీళ్ళు కలపకపోతే గంగమ్మ నిలవదు కదా, మనవైపు ఆచారం," అన్నారు చంద్రశేఖరం గారు పంచె అంచు పిండుకుంటూ. "నిలవ నీళ్ళు పనికిరావని, ఇందాకే నేనే గెడ్డలో మెడలోతు దిగి ముంచి తెచ్చాను."