నక్షత్రానికి ఎర్ర అతుకు

తొంభై ఒకటి, క్రిస్మస్ మర్నాడు. గలీనా పుట్టిన సోవియట్ దేశం ఇక లేదని పొద్దుటి రేడియో వార్తల్లో చెప్పారు. మాస్కోలో ఎర్రజెండా దింపేశారట.

మేడ్చల్ ఇంట్లో ఏలియా వంటింట్లోకి ఉరికాడు. “నా దేశం కష్టంలుంటే నేనీడ ఎట్ల ఉంటా? పోత” అని భార్య గలీనా, మాస్కోలో తిరుగుబాటు జరిగిన ఆగస్టు నుంచి, పెళ్లయ్యాక నేర్చిన ఇక్కడి యాసలోనే అంటూనే ఉంది. అందుకే ఆమె పాస్‌పోర్టును బియ్యం డబ్బాలో దాచాడు.

ఇప్పుడు మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవినా అది తగల్లేదు. ఇంట్లో గలీనా కూడా లేదు.

రైల్వే స్టేషన్‌కు పరుగెత్తబోయి వాకిట్లోనే ఆగిపోయాడు. ఆమె స్టూలెక్కి, చిరిగిన క్రిస్మస్ నక్షత్రానికి అన్నం మెతుకులతో అతుకు వేస్తోంది. ఆ అతుకు పాస్‌పోర్టు ఎర్ర అట్ట. దాని మీద బంగారు రంగు సుత్తీ కొడవలీ.

“ఆడ దింపిన్రు గదా. ఈడ ఎక్కిస్తున్న.”

“నీకెట్ల దొరికింది?”

“నువ్వు దాచిన దినమే చూసిన. నాకు పోబుద్ధి గాలే. ఎందుకు పోలేదని నా మనసు అడిగితే, నువ్వు దాచినవని చెప్పుకుందామని ఊకున్న.”

ఏలియా ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె అతుకు అంచును బొటనవేలితో అదిమింది.

“జనవరిల, ఏటా నా పరదేశి కాగితాలు చూసే పోలీసాయన వచ్చి, నీది ఏ దేశమని అడిగితే ఏం చెప్పాలె, ఏలియా?”