ఒక్క నిమిషం తెరిచిన సందు

"నవ్వియ్యకు స్నిగ్ధా, చెయ్యి వణుకుతది," అన్నాడు దేవేందర్.

నవ్వకుండా ఎలా? పెళ్ళయి ఇరవై రోజులు. బయట క్యాంపసంతా జై తెలంగాణ నినాదాలు, బాష్పవాయువు. పోలీసులు అన్ని గేట్లూ మూసేశారు. జువాలజీ ల్యాబులో చిక్కుకుపోయి, ముక్కుకి తడి చేతిరుమాలు కట్టుకుని, నా కొత్త మొగుడు కోడి ఈకతో చేప గుడ్లలో మగచేప వీర్యం కలుపుతున్నాడు!

"నీళ్ళు పడంగనే వీర్యకణాలు ఈదుతయి. ఒక్క నిమిషమే. గుడ్డుకు ఒకటే సందు. ఒకటి దూరంగనే అది మూసుకుంటది."

"దూరింది మళ్ళీ బయటికి రాదా?"

"వచ్చుడుండదు. రెండు కలిసి ఒకటయితయి."

ఫోన్ మోగింది. తార్నాకలో ఉండే నాన్న.

"అమ్మాయ్, వెనక గేటు దగ్గరున్నా. ఆడపిల్లల్ని వదులుతున్నారు, కాసేపేనట. వచ్చేయ్."

"మరి ఆయన?"

"మగపిల్లల్ని వ్యానెక్కిస్తున్నారు. అతని గొడవ అతను చూసుకుంటాడు. గుంటూరు వాళ్ళం, మనకెందుకమ్మా?"

దేవేందర్‌కి అంతా వినిపించింది. "పో స్నిగ్ధా. నేనొక్కన్నే చేసుకుంట," అన్నాడు తలెత్తకుండా.

ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో ఈక. నీళ్ళు పోయడానికి అతనికి మూడో చెయ్యి లేదు.

నేను పోశాను.

"త్వరగా రావే! గేటు మూసేస్తున్నారు!"

దేవేందర్ ఒక గుడ్డు తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టాడు; అది మెల్లగా ఉబ్బుతోంది.

"మూసుకోనివ్వండి నాన్నా," అన్నాను. "నేను లోపలే ఉన్నాను."