బొట్టు పెట్టిన రివాల్వర్

“ఇంకా కాల్చలేదుగా?”

జగన్మోహన్ చెత్తడబ్బా రోడ్డు పక్కకి లాక్కెళ్తుంటే, పక్కింటి ముసలాయన గ్లెన్ మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

“లేదు. పెట్టెలోనే ఉంది.”

“థాంక్యూ,” అన్నాడు గ్లెన్, జగన్ ఏదో మహోపకారం చేసినట్టు.

జగన్‌కి ఒళ్లు మండింది. ఇచ్చేసిన వస్తువు మీద ఇంకా ఈ పెత్తనమేమిటి?

ఇచ్చింది రివాల్వర్. డెబ్బైల నాటిది. నీలిఛాయ ఉక్కు, నున్నటి చెక్క పిడి. కొన్నప్పటి అట్టపెట్టెలోనే పడి ఉంది. ఒక్క తూటా కూడా దాని గొట్టం దాటలేదు.

కిందటి దసరాకి జగన్ డ్రైవ్‌వేలో కారుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే గ్లెన్ ఫెన్స్ దగ్గర నిలబడి చూశాడు. ఇదేమిటని అడిగాడు.

అడిగితే చాలు, మనవాళ్లు ఆగుతారా! ఆయుధ పూజ దగ్గర ఎత్తుకుని, పాండవులు ఆయుధాలు మూటగట్టి జమ్మిచెట్టు మీద దాచడం దాకా చెప్పుకొచ్చాడు జగన్.

“ఏడాదంతా ముట్టుకోలేదా?”

“ముట్టుకోలేదు.”

“కోపం వచ్చినా?”

“ఎంత కోపం వచ్చినా. మేం ఆయుధాన్ని పూజిస్తాం గానీ, వాడం,” అని ఓ డైలాగు కూడా కొట్టాడు. తర్వాత అవే దించి కురుక్షేత్రం చేసిన సంగతి మాత్రం మింగేశాడు.

మంచు కరిగాక గ్లెన్ ఆ పెట్టె పట్టుకుని వచ్చాడు.

“నీ ఇంట్లో ఉండనీ. కాల్చకు. అంతే.”

జగన్ సరేనన్నాడు. ఇద్దరూ పోలీస్ స్టేషన్‌కి వెళ్లి రివాల్వర్‌ని జగన్ పేరు మీదికి మార్పించుకున్నారు. ఆదివారం ఆదివారం వచ్చి గడ్డి కోసి, మంచు తోసి, చర్చికి తీసుకెళ్లే కొడుకు డెన్నిస్ ఉండగా తనకెందుకిచ్చాడో జగన్‌కి బోధపడలేదు.

ఈ ఏడు దసరా గురువారం వచ్చింది. అమెరికాలో, ఈ నోవై ఊళ్లో, మన పండగలన్నీ సెలవు దొరికే శనివారమే కాబట్టి పూజ శనివారం పెట్టుకున్నారు.

జగన్ మనసు మాత్రం పండగలో లేదు. రెండేళ్లు రక్తం ధారపోసిన ప్రాజెక్టుని మేనేజర్ నిన్ననే ఎవడో నిన్నగాక మొన్న చేరినవాడి చేతిలో పెట్టాడు. రాత్రంతా నిద్ర లేదు.

భోజనానికొచ్చిన స్నేహితుడు రాజ్ దేవుడి గూటి ముందున్న రివాల్వర్ని చూసి పగలబడి నవ్వాడు.

“ఏందిర భై, తుపాకికి బొట్టా! ఒక్కసారన్న కాల్చినవా?”

“కాల్చొద్దన్నాడు.”

“గా ముసలోడు పక్కా వ్యాపారి. కాల్చకుంటె రేటు ఎక్కువ పలుకుతది. రేపు వాపస్ అడుగుతడు చూడు. నువ్వేమో ఫ్రీగ కాపలా!”

జగన్‌కి అది సూటిగా తగిలింది. ఆఫీసులోనూ ఇదే వరస. కష్టం తనది, ఫలితం ఇంకొకడిది.

“పద, షూటింగ్ రేంజ్‌కి పోదాం,” అని లేచాడు.

“ఏవండీ, ఆ పెద్దాయనకి మాటిచ్చారు,” అంది భార్య రేణు పులిహోర గిన్నె పట్టుకునే.

“ఒకసారి కాలిస్తే అరిగిపోతుందా?”

“అది కాదు. పూజ చేసిన చేత్తోనే మాట తప్పుతారా?”

అప్పటికే జగన్ చెప్పులేసుకున్నాడు.

రేంజ్‌లో తూటాలు కొని నింపాడు. ఎదురుగా కాగితం బొమ్మ. దాని మొహంలో జగన్‌కి మేనేజర్ కనిపించాడు. రివాల్వర్ ఖాళీ అయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

“సూపర్ రా!” అన్నాడు రాజ్.

జగన్‌కి కోపం చల్లారలేదు సరికదా, తనని చూసి తనకే భయం వేసింది. ఒక మనిషిని తలుచుకుని అన్నిసార్లు కాల్చాడు మరి!

ఇంటికొచ్చి రివాల్వర్ తుడిచాడు. కుంకుమ పోయింది. మసి మరకలు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. రేపు గ్లెన్ అడిగితే ఏం చెప్పాలి? అబద్ధం చెబుతాననే అనుకున్నాడు.

మర్నాడు తలుపు తట్టింది డెన్నిస్. ఒక్కడే వచ్చాడు.

“గ్లెన్ నిన్న సాయంత్రం పోయాడు. గుండెపోటు.”

“అయ్యో!”

“అంబులెన్స్‌లో కూడా అదే అడిగాడు. పక్కింటాయన కాల్చలేదు కదా అని. లేదన్నాను. హాయిగా కళ్లు మూసుకున్నాడు.”

జగన్ పక్కకి తప్పుకుని లోపలికి రమ్మన్నాడు.

“ఒక్కసారి దాన్ని చూడొచ్చా?” అన్నాడు డెన్నిస్.

తేక తప్పలేదు. డెన్నిస్ మూత తీశాడు. గొట్టం చివర వేలితో తాకాడు. వేలికి నల్లగా అంటింది. జేబురుమాలు తీసి తుడుచుకున్నాడు.

తిట్టినా బాగుండేది అనిపించింది జగన్‌కి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

“తప్పు చేశాను. ఇది మీ నాన్నగారి వస్తువు, మీరే తీసుకెళ్లండి,” అన్నాడు.

“ఆయన మా నాన్న కాదు.”

డెన్నిస్ పెట్టె మూసి, మెల్లగా జగన్ చేతుల్లోనే పెట్టాడు.

“ఆయనకున్న ఒక్క కొడుకునీ తాగి కారుతో గుద్ది చంపింది నేను. నేను జైల్లోంచి బయటికొచ్చిన రోజు, నన్ను కాల్చడానికే కొన్నాడు దీన్ని.”