తలుపుల్లేని ఈగలు

"ఇవి నావి కావు," అన్నాడు తేనెటీగలు పెంచే అన్నయ్య, చెల్లెలి చేటలో చచ్చిపడిన, తేనెటీగల్లాంటి బుల్లి ఈగల్ని వేలితో కదిపి చూసి. అప్పటికి గానీ అతనికి ఊపిరాడలేదు.

ఆమె అప్పుడే మోటారు గది ముందు ఊడ్చింది. మట్టిగోడ నిండా పెన్సిలు పట్టేంత కన్నాలు. నిన్నటిదాకా ఈ ఈగల కాపురం వాటిల్లోనే.

"నావన్నీ పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి. మీ ఆయన పురుగుమందు కొట్టే ముందురోజే ఫోన్ చేస్తాడు, నేను తలుపులు మూసేస్తాను. మూడేళ్లలో ఒక్క పెట్టె పోలేదు."

"వీటికి తలుపుల్లేవు కదన్నయ్యా."

"దానికి నేనేం చెయ్యను?"

ఆమె గడప మీద చతికిలబడింది. పుప్పొడి అంటించే ఈగలు లేక, పొద్దున్నుంచి గుమ్మడి పువ్వుల్లో తనే బ్రష్ తిప్పీ తిప్పీ ఆమె వేళ్లు పచ్చబడ్డాయి.

"నిన్ను అనట్లేదు. ఇదివరకు మందు కొట్టాలంటే ఆయనకి భయంగా ఉండేది. నీ ఈగలు పోతాయని సగంసార్లు మానేసేవాడు. ఇప్పుడు నువ్వు మూశానంటే చాలు, వారం వారం కొడుతున్నాడు."

అన్నయ్య జేబులో ఫోన్ మోగింది. చెల్లెలి మొగుడే.

"బావా, రేపు ఇంకో విడత కొడదామనుకుంటున్నా. మూసేస్తావా?"

అడగ్గానే "మూసేస్తా, నువ్వు కానియ్" అనడం అతనికి అలవాటు. ఆ మాటంటున్నప్పుడు లోలోపల కాస్త గర్వం కూడా. ఇవాళ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, మట్టిగోడ దగ్గరికెళ్లి ఒక ఖాళీ కన్నంలోకి తొంగిచూశాడు.

"బావా, వినిపిస్తోందా? మూసేస్తావా?"

"లేదు," అన్నాడు అలిసిపోయిన గొంతుతో. "ఇక మూయను."