రెండు చీటీలు

అత్తయ్య తెచ్చిన టీ బల్ల మీదికి చేరేలోపే సగం సాసర్లోకి ఒలికింది. అల్లుడు చూశాడు. మళ్లీ వంటగదిలోకి వెళ్లేటప్పుడు ఆమె గోడ పట్టుకుని నడిచింది. అదీ చూశాడు.

లిఫ్టులు బాగుచేసే పని అతనిది. మనిషి నోటితో చెప్పే మాటకంటే మోటారు చేసే చప్పుడునే ఎక్కువ నమ్ముతాడు. శనివారం పొద్దున్నే వచ్చి, అత్తయ్య ఇంట్లో ఏ కుళాయి కారుతోందో, ఏ స్విచ్చి వదులైందో చూసి వెళ్లడం అతనికి అలవాటు. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి, మా అల్లుడు వస్తే కాఫీ కప్పు కూడా సింకు దాకా తీసుకెళ్లడు, మీరు పెట్టి పుట్టారు అంటుంది. అత్తయ్య ఆ మాటకు నవ్వి ఊరుకుంటుంది.

ఎన్నాళ్లనుంచి ఈ వణుకని అడిగితే, వయసు అంది అత్తయ్య. తర్వాత, నిద్ర చాలక అంది. నాలుగు రోజులుగా వాంతులు కూడా అవుతున్నాయని మూడోసారి అడిగాక గానీ ఒప్పుకోలేదు.

అతను బల్ల మీది మందులు తిరగేశాడు. మోచేతుల మీదా, తలలోనూ పొలుసులు లేస్తున్నాయని ఆమె ఏడాదిగా చర్మం డాక్టరు దగ్గరికి వెళుతోంది. సోరియాసిస్ అన్నాడాయన. కీళ్లు కూడా పట్టేస్తున్నాయంటే పోయిన నెల నొప్పి బిళ్లలు రాశాడు. బల్ల మీద ఉన్నవన్నీ ఆ మందులే. పన్నెండేళ్లుగా మనసు జబ్బుకు వేసుకుంటున్న లిథియం బిళ్లలు మాత్రం బీరువాలో, మడతపెట్టిన దుప్పట్ల వెనకాల ఉంటాయి. ఆ బిళ్లలు రాకముందు ఆమె వారం పాటు నిద్రపోకుండా ఇల్లంతా సర్దేది, ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగేది కాదు. ఆ రోజులు అతను కళ్లారా చూశాడు.

"చర్మం డాక్టరుకి లిథియం సంగతి చెప్పారా, అత్తయ్యా?"

అత్తయ్య కిటికీ వైపు చూసింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని ఆయన అడిగాడట. బీపీకి అని చెప్పిందట.

"బయట బెంచీ మీద పదిమంది కూర్చుంటారు, బాబూ. తలుపు కూడా సరిగ్గా పడదు. పిచ్చిమందులు మింగుతున్నానని వాళ్లందరూ వినాలా?"

అంతటితో ఆగలేదు. పొలుసులకు కారణం ఆ లిథియమేనని ఎక్కడో విందట. రేపటినుంచి దాన్నే మానేద్దామనుకుంటోందట.

"మానాలో వద్దో తేల్చడానికి మీరెవరు, నేనెవరు? రెండు మందుల చీటీలూ తీయండి. ఇప్పుడే వెళదాం."

ఒక్కగానొక్క కూతురికి మాత్రం చెప్పొద్దంది అత్తయ్య. ఎక్కడో దూరాన ఉన్న పిల్ల, గాభరాపడి పరుగెత్తుకొస్తుంది. అతనూ సరేనన్నాడు.

ఆసుపత్రిలో చర్మానికి రెండో అంతస్తు, మనసుకు నాలుగో అంతస్తు. రెండో అంతస్తులో నర్సు, టోకెన్లు అయిపోయాయని, సోమవారం రమ్మంది. అతను గొంతు పెంచలేదు, కదలనూ లేదు. తలుపు తెరుచుకున్న క్షణంలో లోపలికి అడుగేసి, రెండు చీటీలనూ డాక్టరు ముందు పక్కపక్కనే పెట్టాడు.

డాక్టరు చదివి, కళ్లజోడు తీసి, అత్తయ్య చేతుల్ని చూశాడు. తను రాసిన నొప్పి బిళ్ల లిథియాన్ని ఒంట్లోంచి పోనివ్వదని, అది రక్తంలో పేరుకుంటే ప్రమాదమని చెప్పాడు. మీరు చెప్పి ఉంటే ఆ బిళ్ల రాసేవాణ్ణి కాదు కదమ్మా అన్నాడు. వెంటనే పైకి వెళ్లమన్నాడు.

పైన గుమాస్తా, అపాయింట్‌మెంటు లేదన్నాడు.

"ఈ రెండు చీటీలు రాసిన ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను."

అతని గొంతులో కోపం లేదు. అందుకేనేమో గుమాస్తా లేచి లోపలికి వెళ్లాడు. ఐదు నిమిషాల్లో డాక్టరమ్మ బయటికొచ్చి, ఫోన్లో కింది డాక్టరుతో మాట్లాడుతూనే రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వస్తే, ఉండాల్సినదానికి రెండింతలు ఉంది లిథియం. అప్పటికప్పుడు మంచం ఇచ్చి సెలైన్ పెట్టారు.

చేర్పించే కాగితం మీద, రోగికి మీరేమవుతారన్న చోట అతను 'అల్లుడు' అని రాశాడు. అత్తయ్య ఆ అక్షరాల వంక కాసేపు చూసి ముఖం గోడవైపు తిప్పుకుంది.

"నీకెందుకయ్యా ఇన్ని పాట్లు?" అంది సాయంత్రం.

ఒకప్పుడు అతను పనికి పోకుండా, గడ్డం గీసుకోకుండా, గది తలుపు వేసుకుని మూడు నెలలున్నాడు. ఆ మూడు నెలలూ ఈమె రెండు బస్సులు మారి, క్యారియర్ పట్టుకుని వచ్చి తలుపు కొట్టింది. తీసేదాకా కొట్టింది.

నాలుగో రోజు ఇంటికి పంపారు. నొప్పి బిళ్ల పోయి, దాని బదులు పూతమందులు వచ్చాయి. లిథియం కొంత తగ్గించారు, మానలేదు. అది పొలుసుల్ని రేపే మాట నిజమే గానీ, దానికి దారి మేమిద్దరం కలిసి చూస్తాం, మీరు మాత్రం సొంతంగా ఏదీ ఆపొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అల్లుడు మందులన్నిటినీ ఒకే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, వంటగది గోడకు అంటిస్తుండగా కూతురి ఫోన్ వచ్చింది. చెయ్యి ఇంకా నీరసంగా ఉండటంతో అత్తయ్య స్పీకరు పెట్టింది. ఈసారి ఏదీ దాచలేదు. వణుకు, అబద్ధం, ఆసుపత్రి, అన్నీ వరసగా చెప్పింది.

అవతల కూతురు ఏడ్చింది. తేరుకుని, నిన్ను ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్లారని అడిగింది.

"అల్లుడు."

"మా ఆయన వారం నుంచి జ్వరంతో నా పక్కనే పడుకుని ఉన్నాడు కదమ్మా. ఏ అల్లుడు?"

"మొదటి అల్లుడు," అంది అత్తయ్య.