గొట్టంలో గాలి

ఎమిలియన్ ఊళ్ళోకి వచ్చిన రోజే రైసా వాళ్ళ కొత్త వైన్ నేలపాలు చేశాడు.

తొట్టిలోంచి పీపాలోకి పెట్టిన రబ్బరు గొట్టాన్ని ఇదేమిటంటూ మధ్యలో పట్టుకుని పైకెత్తాడు. ధార ఆగింది. కంగారులో వదిలేస్తే కొస జారి, ఒక బిందెడు వైన్ గచ్చు మీద పారింది.

రైసా మొగుడు తుదోర్ పడీపడీ నవ్వాడు.

"గొట్టం మధ్యలో లేస్తే గాలి పట్టి ధార ఆగుతుందని ఇక్కడ పాలుతాగే పిల్లకి కూడా తెలుసు పెద్దాయనా."

"నాకు తెలీదు బాబూ. ఏదీ, ఇంకోసారి చూపించు."

రాజధానిలో ఏదో సేవా సంఘం వాళ్ళు పంపారట. ఊరి బాగు కోసం జీతం లేకుండా పనిచేస్తాడట. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఆపకుండా దగ్గు. రైసా వాళ్ళ వెనక గదిలోనే దిగాడు.

ఆ దగ్గు వినగానే రైసాకి పిల్ల గురించి భయం పట్టుకుంది. ఎనిమిది నెలల కూతురు ఇలీంకాని వేరే గదిలోకి మార్చింది. ఆయన గ్లాసు విడిగా మరిగించేది.

అసలు ఆమె దిగులు నీళ్ళ గురించి.

ఊరి బావుల్లోకి పెంటదిబ్బల నీరు ఊరుతోందని, చంటిపిల్లలకి ఆ నీళ్ళు తాగించవద్దని డాక్టరమ్మ చెప్పింది. నిరుడు ఆ నీళ్ళకే పక్కింటి మత్రోనా అత్త మనవడి పెదాలు నీలంగా తిరిగితే ఊరంతా చూసింది. బతికాడు, దేవుడి దయ.

కొండ మీద మంచి ఊట ఉంది. రెండేళ్ళ కిందట ఊరివాళ్ళే అక్కణ్ణుంచి గొట్టం వేసుకున్నారు. మూడు రోజులు వచ్చి నీళ్ళు ఆగిపోయాయి. ఫాదర్‌ని పిలిచి దీవెన చేయించకుండా కుళాయి తిప్పారు, అందుకే ఊటకి కోపం వచ్చిందని మత్రోనా అత్త తేల్చేసింది.

అప్పటినుంచి రైసా కావడితో రెండు బకెట్లు మోస్తోంది. ఇంకో నెలలో కొండదారంతా మంచు గట్టిపడుతుంది. జారితే? నడుం విరిగితే? పిల్లకి పాలపొడి ఎవరు కలుపుతారు? తుదోర్ చేసుకొచ్చే రెండో పెళ్ళాం ఆ కొండ ఎక్కుతుందా?

వచ్చినాయన ఏదైనా చేస్తాడనుకుంటే, తనకేమీ తెలియదని, మీరే చెప్పాలని ఊరి సభలో చేతులెత్తేశాడు. పుస్తకం ఒకటి పట్టుకుని ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు. ఈయన్ని మనకి సాయం పంపారా, మనల్ని ఈయనకి సాయం ఇచ్చారా అని జనం నవ్వుకున్నారు.

ఒక పొద్దున బకెట్లతో దిగుతున్న రైసాకి ఎదురొచ్చాడు.

"అమ్మా, మీ గొట్టం ద్రాక్షతోట దగ్గర గుట్టెక్కి దిగుతోందేం?"

"దగ్గరిదారని అటు వేశారు."

"ఎక్కితే ఏమవుతుంది?"

ఏమవుతుంది అని నోరు తెరిచి, రైసా ఆగిపోయింది. బకెట్లు కింద పెట్టింది.

"గాలి పట్టింది అక్కడ."

"నీళ్ళ గొట్టంలో గాలెందుకమ్మా?"

ఆమెకి ఒళ్ళు మండింది. "వైనైనా నీళ్ళైనా గొట్టం గొట్టమే కదా పెద్దాయనా. మా ఇంట్లో పారబోసింది చాల్లేదా?"

ఆయన తల గోక్కున్నాడు. సభలో మీరే చెప్పండని ఆమె బతిమాలితే, తనకి సరిగ్గా బోధపడలేదని, నువ్వే చెప్పమ్మా అని తప్పించుకున్నాడు.

మగాళ్ళ ముందు రైసా ఎన్నడూ నోరెత్తలేదు. నవ్వుతారేమో. తవ్వించాక నీళ్ళు రాకపోతే ఇలీంకా మనవల దాకా తిడతారేమో. కానీ పెదాలు నీలంగా తిరిగిన ఆ పసివాడు కళ్ళముందు మెదిలాడు. లేచి చెప్పింది.

ముందు తుదోరే నవ్వాడు. తర్వాత ఆగాడు. తర్వాత, "మరి మనకెందుకు తట్టలేదు?" అన్నాడు.

పైవాళ్ళు చెబితే ఆ ఊళ్ళో చీపురుపుల్ల కదలదు. తమలో ఒకరు మొదలుపెడితే మాత్రం ఎవరూ ఇంట్లో కూర్చోరు. కందకంలో ఎవరి పార కనిపించకపోతే చలికాలమంతా ప్రతి ఇంటి భోజనాల బల్ల దగ్గరా వాళ్ళ కథే. గుట్టని చుట్టి తొమ్మిది రోజులు తవ్వారు. ఎమిలియన్‌కి పార పట్టుకోవడమే రాదని, మట్టం చూసే గొట్టం కొస పట్టుకు నిలబడమన్నారు. ఆ కొస పట్టుకుని కూడా ఇదెందుకు, అదెందుకు అని అడుగుతూనే ఉన్నాడు.

పదో రోజు కుళాయి బుస్సుమంది, దగ్గింది, తుపుక్కుమంది. ఆ తర్వాత ధార.

రైసా నమ్మలేదు. వారం పాటు రోజుకి పదిసార్లు వెళ్ళి తిప్పి చూసింది. ధార తగ్గలేదు. ఊరు ఆమెని నీళ్ళ సంఘానికి పెద్దగా పెట్టింది.

ఆ వారమే ఎమిలియన్ బస్సెక్కాడు. అందరూ కుళాయి సంబరంలో ఉన్నారు, సాగనంపడానికి రైసా ఒక్కతే వచ్చింది. జాలేసి రేగుపళ్ళ జామ్ సీసా చేతిలో పెట్టింది.

"మా ఊరొచ్చి నాలుగు పనులు నేర్చుకున్నారు. అదీ మంచిదే."

"నిజమేనమ్మా," అన్నాడాయన దగ్గుతూ.

మంచు కరిగాక ఒక జీపు వచ్చింది. జిల్లా నీళ్ళ ఆఫీసు ఇంజనీరమ్మ దిగింది. అనుమతి లేదని మూసేస్తారు కాబోలని రైసా భయపడింది. ఆమె ఊట నుంచి కుళాయి దాకా నడిచి, ఈ దారి ఎవరు గీశారని అడిగింది.

"మేమే," అంది రైసా. వైన్ సంగతి, గుట్ట సంగతి, తొమ్మిది రోజుల తవ్వకం, అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

పక్క లోయలో మూడు ఊళ్ళకి ఇలాగే నీళ్ళు ఆగిపోయాయని, వచ్చి వాళ్ళకి చెప్పగలరా అని ఇంజనీరమ్మ అడిగింది. రైసాని పిలవండని ఆసుపత్రి మంచం మీంచి ఎమిలియన్ గారు ఉత్తరం రాశారట. ఫిబ్రవరిలో పోయారట.

రైసా తలగుడ్డ కొసతో కళ్ళొత్తుకుంది.

"పాపం, మంచి మనిషి. ఏమీ తెలియకపోయినా అన్నీ అడిగి తెలుసుకునేవారు."

ఇంజనీరమ్మ నెమ్మదిగా, "గొట్టంలో నీళ్ళు ఎలా నడుస్తాయో ఈ దేశంలో మా ఇంజనీర్లందరికీ ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పింది ఆయనేనమ్మా," అంది.